స్ప్రాకెట్ మారిస్తే బైక్ పికప్ పెరుగుతుందా?

పెరుగుతుంది. చైన్ నడిచే పళ్ల చక్రమే స్ప్రాకెట్; ముందు ఇంజన్ దగ్గర ఒకటి, వెనక చక్రానికి ఒకటి ఉంటాయి. ముందు స్ప్రాకెట్ చిన్నది వేసినా, వెనక పెద్దది వేసినా పికప్ పెరిగి, ఒక్కో గేరులో అందే వేగం తగ్గుతుంది. వెనక పళ్ల సంఖ్యను ముందు పళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఫైనల్ రేషియో. వెనక చక్రం ఒక్కసారి తిరగాలంటే ముందు స్ప్రాకెట్ అన్నిసార్లు తిరగాలి. ఆ సంఖ్య పెరిగితే చక్రానికి లాగుడు ఎక్కువ అందుతుంది, కానీ అదే వేగానికి ఇంజన్ ఎక్కువ తిరగాలి.

ముందు 14, వెనక 42 పళ్లుంటే రేషియో 3. ముందు 13 వేస్తే 3.23. అంటే ఇంతకుముందు 5000 ఆర్‌పీఎమ్‌లో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) అందిన వేగానికి ఇప్పుడు దాదాపు 5400 కావాలి. ఘాట్ రోడ్డు మీద, వెనక మనిషి ఉన్నప్పుడు హాయిగా ఉంటుంది. హైవే మీద మాత్రం మోతే మోత. ఇదే తేడా వెనక నుంచి రావాలంటే మూడు పళ్లు పెంచాలి, అప్పుడు చైన్ చాలకపోవచ్చు.

దీంతో ఇంజన్ పవర్ పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఉన్న పవర్ ఏ వేగంలో చేతికందుతుందన్నదే మారుతుంది. ముందు పెద్దది వేస్తే టాప్ స్పీడ్ తప్పక పెరుగుతుందనీ లేదు. ఎదురుగాలిని తోసే సత్తా ఇంజన్‌కు లేకపోతే టాప్ గేరులో బండి ఈడుస్తుంది, వేగం తగ్గినా తగ్గుతుంది.