చదివేవాళ్ల చేతికే ఇవ్వండి

ప్రశ్న: రిటైరయ్యాక రోజూ సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్తున్నాను. భగవద్గీత, హనుమాన్ చాలీసా పుస్తకాలు కొని, తెలియనివాళ్లకు పంచాలని ఉంది. ఎవరేమనుకుంటారోనని టెన్షన్. ఎలా ఇవ్వాలమ్మా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: తప్పకుండా ఇవ్వండి అన్నయ్యగారూ. కాకపోతే ముందు "చదువుతారా?" అని అడగండి. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. మతం గురించి వాదన మాత్రం వద్దు.

బీచ్‌లో పంచిన పుస్తకం ఇసుకలో పడి, ఎవరి కాళ్ల కిందో నలిగితే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. అందుకే నేను ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్తాను. శ్రీకాకుళం బస్సు కోసం కూర్చున్నవాళ్లకి తీరిక ఉంటుంది. ఒకమ్మాయి జామకాయ తింటున్నదల్లా చెయ్యి చున్నీకి తుడుచుకుని, పుస్తకం కళ్లకద్దుకుని తీసుకుంది. అక్కడే చదవడం మొదలుపెట్టింది!

700 శ్లోకాల గీత తాత్పర్యంతో సహా అంటే ప్రయాణంలో బరువే. కొత్తవాళ్లకి చాలీసా ఇవ్వండి, అడిగినవాళ్లకి గీత. పెద్దవాళ్లకైతే పెద్దక్షరాలది. గోరఖ్‌పూర్‌లో 1923లో మొదలైన గీతా ప్రెస్ పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. ఒడియా, బెంగాలీలో కూడా ఉంటాయి. మన బీచ్‌కి ఆ రాష్ట్రాలవాళ్లు ఎంతోమంది వస్తారు కదా, రెండు మూడు ఆ భాషలవీ సంచిలో ఉంచుకోండి.

సింహాచలం గిరి ప్రదక్షిణలో, 32 కిలోమీటర్లు నడిచేవాళ్లకి దారిలో ఇవ్వకండి. ఆగి కూర్చున్నప్పుడు ముందు మంచినీళ్లు ఇవ్వండి, తర్వాత పుస్తకం.