మా తమ్ముడిది పొగరా, జబ్బా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. తమ్ముడికి 26 ఏళ్లు, రొయ్యల గుంటల మీద పని చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. మూడు వారాలుగా రాత్రి రెండు గంటలు కూడా నిద్రపోవడం లేదు, అయినా అలసట లేదు. సొంతంగా హేచరీ పెడతానని యాపుల్లో అప్పులు తీశాడు. బండి అమ్మి ఆ డబ్బు టీకొట్టు దగ్గర పంచిపెట్టాడు. అదేమని అడిగితే నాన్న మీదికి కంచం విసిరాడు. రెండేళ్ల కిందట దిగులుతో నెలల తరబడి గది దాటలేదు. అప్పటి చీటీతోనే అమ్మ మళ్లీ బిళ్లలు తెచ్చి వేస్తోంది. ఒళ్లు కొవ్వెక్కింది, పెళ్లి చేస్తే కుదురుకుంటాడని నాన్న, కసుమూరు దర్గాకు తీసుకెళ్దామని మేనమామ. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ బిళ్లల సంగతి చూడండి. దిగులుకిచ్చే కొన్ని మందులు, ఇలా హుషారు హద్దు దాటిన మనిషికి విడిగా వేస్తే పరిస్థితి ముదరొచ్చు. చీటీ, బిళ్లల అట్ట పట్టుకుని ఈరోజే సైకియాట్రిస్టుకు చూపించండి.

పొగరు ఫలానా వారం మొదలైందని ఎవరూ చెప్పలేరు. మీరు చెప్పగలుగుతున్నారు. నిద్ర లేకపోయినా అలసట లేకపోవడం, చేతికి ఎముక లేనట్టు ఖర్చు, అంతకుముందు నెలల దిగులు... ఇవన్నీ కలిపి చూస్తే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు హద్దు దాటిన హుషారు వచ్చే బైపోలార్ అనే జబ్బేమో అనిపిస్తోంది. ఉత్తరం చూసి తేల్చలేం. గంజాయి, మందు, థైరాయిడ్ సంగతి కూడా డాక్టరు చూస్తారు. ఈ దశలో ఆలోచన రావడమే తడవు, చెయ్యి కదిలిపోతుంది. మధ్యలో ఆగి ఆలోచించే వ్యవధి ఉండదు. అందుకే వాదించి లాభం లేదు. యజమాని ముందు చేతులు కట్టుకుని, ఇంటికొచ్చి పెళ్లాం మీద మాత్రం కంచాలు విసిరే మగవాళ్ల ఉత్తరాలూ నాకు వస్తుంటాయి. వాళ్ల లెక్క వేరు.

పిచ్చి అనే మాట ఎత్తకండి. "నిద్ర పట్టడం లేదు కదరా, దానికి చూపిద్దాం పద" అంటే వచ్చే అవకాశం ఎక్కువ. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంది. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. అతను రానని మొండికేసి, ప్రమాదం ముంచుకొస్తే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిపుణులు పరీక్షించి, కుటుంబం తరఫున ప్రతినిధి దరఖాస్తుపై 30 రోజుల వరకు ఆసుపత్రిలో చేర్చుకోవచ్చు. కొట్టడానికి వస్తే 112కు ఫోన్ చేయండి.

కసుమూరు వెళ్లడం తప్పని నేననను. డాక్టరు రాసిన మందులు మానకుండా వెళ్లండి. గొలుసుతో కట్టేయడం మాత్రం ఎక్కడా వద్దు. అదే చట్టం దాన్ని నిషేధించింది.

పెళ్లి మాట ఇప్పుడు ఆపండి. జబ్బు దాచి చేస్తే ఇంకో ఇంటి ఆడపిల్ల గొంతు కోసినట్టే. బ్యాంకు కార్డు, ఫోన్‌పే అతన్ని ఒప్పించి మీ దగ్గర పెట్టుకోండి. తగ్గాక ఆ అప్పుల లెక్క అతని ముందే వేయండి, కొంతైనా అతన్నే తీర్చనివ్వండి. జబ్బుతో చేసినా అప్పు అప్పే.

అతను చేసే పనేమిటో డాక్టరుకు తప్పక చెప్పండి. ఈ జబ్బుకిచ్చే లిథియం అనే మందు రాస్తే రక్తపరీక్షలు తప్పవు. గుంటగట్టు మీద ఎండకు చెమటోడి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే ఆ మందు ఒంట్లో మోతాదు మించి విషం కావచ్చు. నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టొచ్చు కాబట్టి, రాత్రిపూట గుంటల్లో గాలి కలిపే ఏరేటర్ల కాపలా మాన్పించి పగటి పనే ఇమ్మని వాళ్ల ఓనరును అడగండి.