ఉద్యమం నుంచి పార్లమెంటుకు వెళ్ళినవాళ్ళు మారిపోతారా? తైవాన్‌లో నేను చూసింది

‘పర్యావరణ కార్యకర్తలు చట్టసభకు వెళ్ళాక మారిపోతారా? తైవాన్‌లో అలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా?’ అని ఒకరు అడిగారు. ఉన్నారు. నేను షిన్‌చులో పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో హుంగ్ షన్‌హాన్ పేరెత్తితే మా ల్యాబ్‌లో వాదన మొదలయ్యేది.

ఆయన గ్రీన్ సిటిజన్స్ యాక్షన్ అలయన్స్ అనే సంస్థలో ఉండి అణు విద్యుత్తుకు వ్యతిరేకంగా ఏళ్ళ తరబడి పనిచేశాడు. 2020 ఎన్నికల్లో అధికార డీపీపీ (డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ) తన జాబితాలో ముందు వరసలో పెట్టడంతో ఎంపీ అయ్యాడు. అక్కడ ఓటరుకు రెండు ఓట్లుంటాయి, ఒకటి నియోజకవర్గ అభ్యర్థికి, ఇంకోటి పార్టీకి. మొత్తం 113 సీట్లలో 34 ఈ పార్టీ ఓట్లను బట్టి పంచుతారు, కాకపోతే కనీసం 5 శాతం రావాలి. తైవాన్ గ్రీన్ పార్టీకి ఎప్పుడూ అంత రాలేదు. అందుకే ఉద్యమకారులు చాలామందికి పెద్ద పార్టీ జాబితాయే దిక్కు. కానీ అలా వచ్చిన సీటు పార్టీ చలవ. రేపు పార్టీతో తేడా వస్తే వెనక నిలబడే నియోజకవర్గం ఉండదు.

ఈ చిక్కు నాకు అర్థమైంది 2021లో. మా ల్యాబ్‌మేట్ ఒకమ్మాయిది తావ్‌యువాన్ దగ్గర గ్వాన్‌యిన్. ఒక ఆదివారం ఆటుపోటు తగ్గిన వేళ నన్ను దాతాన్ తీరానికి తీసుకెళ్ళింది. అక్కడున్నది పగడపు దిబ్బ కాదు, సున్నం పట్టే నాచు వేల ఏళ్ళుగా పొరలు పొరలుగా పేరుస్తూ వచ్చిన రాయి. వంగ రంగు మచ్చలు, పుట్టలాగా నిండా చిల్లులు, ఒక్కో చిల్లులో ఒక పీత. తలెత్తితే ఎదురుగా గ్యాస్ విద్యుత్ కేంద్రం. అక్కడే ఓడల్లో వచ్చే ద్రవ సహజవాయువును దించుకునే టెర్మినల్ కట్టాలన్నది ప్రభుత్వ పట్టు. అణు రియాక్టర్లు మూసేసి, బొగ్గు తగ్గించాలంటే గ్యాస్ కావాలి కదా!

అంటే హుంగ్ సగం జీవితం పెట్టి అడిగిన కోరికకే ఈ దిబ్బ మూల్యం అన్నమాట. నన్నడిగితే, దీన్ని ద్రోహం అనేయడం తేలిక గానీ లెక్క అంత తేలిక కాదు.

ఆ ఏడాది డిసెంబర్ 18న రెఫరెండం, అంటే జనం నేరుగా ఓటేసి తేల్చడం. నాలుగు ప్రశ్నలకూ ‘వద్దు’ అనే ఓటేయమంది డీపీపీ. అందులో నాలుగో అణు కేంద్రాన్ని తెరవాలా అన్నదీ ఉంది, టెర్మినల్‌ను వేరే చోటికి మార్చాలా అన్నదీ ఉంది. హుంగ్‌కు మొదటిదానికి ‘వద్దు’ అనడం ఊపిరి పీల్చినంత సహజం. రెండోదానికి అదే మాట అంటే పాత మిత్రులతో తగువు. అక్కడ పోస్టల్ ఓటు లేదు, సొంతూరికి వెళ్ళే వేయాలి. ఆ శనివారం ల్యాబ్‌లో నేనొక్కణ్ణే, బయట షిన్‌చు గాలి హోరు. టెర్మినల్ మార్చాలన్నవాళ్ళు సుమారు 39 లక్షలు, వద్దన్నవాళ్ళు 41.6 లక్షలు. సోమవారం ఆ అమ్మాయి ఎవరితోనూ మాట్లాడలేదు.

తీరానికి ఇంకాస్త దూరంగా జరిపి కడతామని ప్రభుత్వం అప్పటికే ఒక మెట్టు దిగింది. ఉద్యమం గట్టిగా లేకపోతే అదీ దక్కేది కాదు.

హుంగ్ 2024లో మళ్ళీ జాబితాలోంచే గెలిచాడు, అదే ఏడాది నవంబర్‌లో కార్మిక మంత్రి అయ్యాడు. భారతీయ కార్మికులను తైవాన్‌కు రప్పించుకోవడానికి ఆ ఫిబ్రవరిలో భారత్‌తో కుదిరిన ఒప్పందం అమలు చూసేది ఇప్పుడు ఆయన శాఖే.

మా ల్యాబ్‌మేట్ సంగతంటారా, 2024 జనవరిలో నియోజకవర్గ ఓటు డీపీపీకే వేసిందట. పార్టీ ఓటు ఎవరికి వేశావంటే మాత్రం నవ్వి ఊరుకుంది.