సీనియర్ల మాట ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకుకు హైదరాబాద్ శివార్లలోని రెండు ఇంజినీరింగ్ కాలేజీల్లో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వచ్చేలా ఉంది. మొదటి కాలేజీ పిల్లలను అడిగితే ‘అది కాలేజీ కాదంకుల్, జైలు’ అన్నారు. రెండో కాలేజీ వాళ్లేమో ‘క్యాంపస్ సూపర్, ఫెస్ట్‌లు సూపర్, ప్లేస్‌మెంట్లకు ఢోకా లేదు’ అంటున్నారు. కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లలో దేన్ని ముందు పెట్టాలి?
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: బ్రోచర్లు చూసి ఊరుకోకుండా చదువుతున్న పిల్లలనే అడిగారు, మంచి పని చేశారు. అయితే ఆ మాటలు చెప్పింది ఏ ఇయర్ వాళ్లో మీరు రాయలేదు. అసలు సంగతి అక్కడే ఉంది. ఫస్టియర్ వాళ్లకు ఫ్రెషర్స్ పార్టీ, కొత్త స్నేహాలు, క్యాంటీన్ తప్ప ఇంకా ఏమీ తెలియదు. వాళ్లు ప్లేస్‌మెంట్ల గురించి చెప్పేది ఎవరో చెప్పగా విన్నదే. ఫోర్త్ ఇయర్ వాళ్లలోనూ ఆఫర్ వచ్చినవాళ్లకు కాలేజీ అంతా బంగారం, రానివాళ్లకు అంతా మోసం. నా అనుభవంలో థర్డ్ ఇయర్ రెండో సెమిస్టర్ పిల్లల మాటే కాస్త నికరంగా ఉంటుంది. కాలేజీ మోజు అప్పటికి తీరిపోయి ఉంటుంది, ఉద్యోగం టెన్షన్ అప్పుడే మొదలవుతుంటుంది.

‘జైలు’ అన్నవాళ్లను ఎందుకని అడగండి. హాజరు గురించి పీడిస్తారని అంటే పట్టించుకోకండి. జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. సరైన కారణం చూపిస్తే 65 వరకు మన్నిస్తారు, అంతకంటే తగ్గితే డిటెన్షనే, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. క్లాసు ఎగ్గొట్టిన రోజు ఇంటికి మెసేజ్ వస్తోందంటే పిల్లలకు చిరాకు కావచ్చు గానీ మీకు అది ఫిర్యాదు కాదు. అలా కాకుండా ‘రికార్డులు రాయించుకుంటారు గానీ ల్యాబ్‌లో ప్రోగ్రామ్ రన్ చేసే టైమే ఇవ్వరు’ అన్నా, ‘ఒకే సబ్జెక్టుకు సెమిస్టర్ మధ్యలో ఇద్దరు లెక్చరర్లు మారారు’ అన్నా చెవిన పెట్టాల్సిందే. ఫ్యాకల్టీ నిలవని చోట చదువూ నిలవదు.

‘సూపర్’ అన్నవాళ్ల దగ్గర మరీ జాగ్రత్త. ‘ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయి?’ అంటే ‘బాగున్నాయి’ అనే అంటారు. ‘మీ సెక్షన్‌లో ఎంతమందికి వచ్చింది? ఏ కంపెనీలో? ఆఫర్ లెటర్ వచ్చాక జాయినింగ్‌కి ఎన్నాళ్లు పట్టింది?’ అని విడమరిచి అడగండి. సీఆర్‌టీ (క్యాంపస్ ఇంటర్వ్యూల శిక్షణ) క్లాసులు ఎప్పుడు మొదలవుతాయో, వాటికి విడిగా ఫీజు కట్టించుకుంటారో కూడా కనుక్కోండి.

గేటు దగ్గర ఫ్లెక్సీ మీద రాసిన హయ్యెస్ట్ ప్యాకేజీ ఒక్కరిది. ‘95 శాతం ప్లేస్‌మెంట్’ అన్నది చాలాచోట్ల అర్హులైనవాళ్లలో లెక్క. అంటే బ్యాక్‌లాగ్స్ (తప్పిన సబ్జెక్టులు) లేకుండా, 60 శాతం దాటి, క్యాంపస్ డ్రైవ్‌లకు పేరిచ్చినవాళ్లలో. ఒకే పిల్లకు మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కేసే కాలేజీలూ ఉన్నాయి.

దీనికి విరుగుడు ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్ర ప్రభుత్వం కాలేజీలకు ఇచ్చే ర్యాంకింగ్) లెక్కలు. ఆ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసిన కాలేజీ, తాను కేంద్రానికి ఇచ్చిన వివరాలను సొంత వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. ర్యాంకు రాకపోయినా ఆ పీడీఎఫ్ ఉంటుంది. అందులో ‘యూజీ 4 ఇయర్స్’ అనే పట్టిక తీయండి. ఫస్టియర్‌లో ఎంతమంది చేరారు, గడువులోపు ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత, పైచదువులకు ఎంతమంది వెళ్లారు అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. ఉదాహరణకు 600 మంది చేరి, 420 మంది సకాలంలో పాసై, 200 మందికి ఉద్యోగాలొచ్చాయనుకోండి. లేటరల్ ఎంట్రీలో (డిప్లొమా చేసి నేరుగా సెకండియర్‌లో) వచ్చినవాళ్ల సంగతి పక్కన పెడితే, చేరిన ముగ్గురిలో ఒకరికే క్యాంపస్ ఉద్యోగం అన్నమాట. మధ్యస్థ జీతం మూడున్నర లక్షలుంటే, ఉద్యోగం వచ్చినవాళ్లలో సగం మందికి అంతకు మించలేదని అర్థం. కాకపోతే ఈ పట్టికలో అన్ని బ్రాంచీలూ కలిసి ఉంటాయి. సీఎస్‌ఈ సంగతి మళ్లీ ఆ బ్రాంచి పిల్లలనే అడగాలి. నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపుల్లో న్యాక్‌ది కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏది మాత్రం బ్రాంచి వారీగా ఇస్తారు. అందుకని సీఎస్‌ఈకి ఎన్‌బీఏ ఉందో లేదో చూడండి.

మీరు రాయని విషయం ఇంకొకటుంది. అమ్మాయి ఎక్కడ ఉంటుంది? హైదరాబాద్‌లో చుట్టాలింట్లో ఉండి కాలేజీ బస్సులో వెళ్లేటట్టయితే, పోనూ రానూ మూడు నాలుగు గంటలు రోడ్డు మీదే పోతే, సాయంత్రం కోడింగ్ ప్రాక్టీసుకు ఓపిక ఎక్కడుంటుంది? ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి, వినడానికి టైమ్ ఉండాలి కదా. హాస్టల్ అయితే నీళ్లు, భోజనం, రాత్రి వైఫై గురించి అమ్మాయిలనే అడగాలి. ఈ మాటలు అబ్బాయిలను అడిగి లాభం లేదు.

వీలైతే సెలవు లేని రోజు మీ అమ్మాయిని తీసుకుని రెండు కాలేజీలకూ వెళ్లండి. సాయంత్రం బస్సులు కదిలే వేళకు వెళ్తే థర్డ్ ఇయర్ పిల్లలు చాలామంది దొరుకుతారు. మీరు కాస్త దూరంగా నిలబడి అమ్మాయినే మాట్లాడనివ్వండి. నాన్నల ముందు సీనియర్లు అన్నీ చెప్పరు.

మీరు రాసినంత వరకు చూస్తే నా మొగ్గు ఆ ‘జైలు’ కాలేజీ వైపే. హాజరు తప్ప వేరే ఫిర్యాదు బయటపడకపోతే, హాస్టల్ సీటు కూడా దొరికితే దాన్నే ముందు పెట్టండి. ల్యాబులు, ఫ్యాకల్టీ మీద కూడా ఫిర్యాదులు వినిపిస్తే రెండోదాన్ని పైకి తేవచ్చు, దాని ఎన్‌ఐఆర్‌ఎఫ్ పట్టిక చూశాకే. ఆప్షన్లు ఎన్నయినా ఇచ్చుకోవచ్చు కాబట్టి ఈ రెండింటితో ఆపకండి. నిరుటి లాస్ట్ ర్యాంకులు చూసి, అమ్మాయి ర్యాంకుకు కాస్త అందనివి అనిపించే మంచి కాలేజీలను వీటికి పైన, తప్పకుండా వచ్చేవాటిని కింద పెట్టి అప్పుడు ఫ్రీజ్ (ఆప్షన్లు ఖరారు) చేయండి.