కరివేపాకు చెట్టు చుట్టూ తిరిగే నల్ల సీతాకోకచిలుక ఏదో ఫోటోతో ఎలా తెలుసుకోవాలి?

పర్లాకిమిడిలో మా పెరట్లోనూ ఇదే తంతు. కరివేపాకు, నిమ్మ ఉంటే రెండు రకాలు తప్పకుండా వస్తాయి. నలుపు మీద లేత పసుపు మచ్చలుండి, వెనక రెక్కకు తోక లేకపోతే అది లైమ్ బటర్‌ఫ్లై. తోక ఉంటే కామన్ మార్మన్ కావచ్చు, అసలు తికమక ఇక్కడే. దీని మగదానికి వెనక రెక్క మీద తెల్లమచ్చల వరస ఉంటుంది, కానీ ఆడవాటిలో కొన్ని అచ్చం కామన్ రోజ్ అనే ఇంకో సీతాకోకచిలుకలా ఎర్రమచ్చలతో ఉంటాయి, ఎందుకంటే రోజ్ పురుగుగా ఉన్నప్పుడు ఈశ్వరి తీగ తిని విషం ఒంట్లో దాచుకుంటుంది, పిట్టలు దాని జోలికి పోవు, ఇదేమో ఆ వేషం వేసుకుని బతికిపోతుంది. నేనూ చాలాసార్లు మోసపోయాను. రెక్కలు వదిలేసి ఒళ్లు చూడండి: ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మార్మన్.

అందుకే ఫోటోలో ఒళ్లు కనబడాలి. పొద్దున్నే ఎండ కాచుకునేటప్పుడు తియ్యండి, మీ నీడ దాని మీద పడకుండా పక్కనుంచి మెల్లగా వెళ్లి, రెక్కలు విప్పినప్పుడొకటి, మూసినప్పుడొకటి. మధ్యాహ్నం వెంటపడితే చెమటలే మిగులుతాయి.

పేరు తెలుసుకోవడానికి గూగుల్ లెన్స్ కంటే ఐనాచురలిస్ట్ అనే యాప్ నయం, అందులో పెట్టిన ఫోటోని తెలిసినవాళ్లు చూసి సరిదిద్దుతారు. అన్నట్టు, కరివేపాకు మీద పిట్టరెట్టలా కనిపించేవి వీటి పిల్లపురుగులే, మందు కొట్టేయకండి.