పసిపిల్లల కీహోల్ సర్జరీకి చేయి సిద్ధం చేసుకోవడం

ప్రశ్న: కర్నూలులో ఎంఎస్ జనరల్ సర్జరీ రెండో సంవత్సరం చదువుతున్నాను. తర్వాత పీడియాట్రిక్ సర్జరీ చేయాలని ఉంది. మా విభాగంలో సిమ్యులేటర్ లేదు. అప్పు చేసైనా రెండు రోజుల ల్యాపరోస్కోపీ (కీహోల్ సర్జరీ) వర్క్‌షాపుకు వెళ్లమంటారా?

జవాబు: ఇప్పుడే అప్పు చేయకండి. ఈ ప్రశ్న అడిగేవారిలో ఎక్కువమంది యంత్రం గురించే ఆలోచిస్తారు. అసలు కావలసింది రోజూ అరగంట సాధన.

పెద్దవారి పిత్తాశయం ఆపరేషన్లు మీరు తరచుగా చూస్తూనే ఉంటారు. అన్నవాహిక మధ్యలో తెగిపోయినట్టు పుట్టే బిడ్డలు మాత్రం సుమారు మూడు నాలుగు వేల జననాలకు ఒక్కరే ఉంటారు; ఆ బిడ్డ వచ్చిన రోజున కుట్టు వేసేది కూడా సహజంగానే సీనియర్ సర్జన్. చోటు చూస్తే మూడు కిలోల శిశువు ఛాతీ, పరికరం మందం 3 మిల్లీమీటర్లు, ఛాతీ గోడ పలుచన కాబట్టి పోర్టు, అంటే పరికరం లోపలికి వెళ్లే గొట్టం, జారిపోతూ ఉంటుంది. చేయి కుడికి జరిపితే లోపల పరికరం కొన ఎడమకు పోతుంది, తెర మీద లోతు తెలియదు. ఈ తికమక బిడ్డ మీద కాకుండా ముందే ఒక సాధన డబ్బాలో తీరిపోవాలి.

అందుకు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, ఫోన్ కెమెరా, చిన్న లైటు చాలు. పక్కన పడేసిన పాత గ్రాస్పర్లు (పట్టుకునే పరికరాలు), సూది పట్టే నీడిల్ హోల్డర్ ఉంటే ఇమ్మని థియేటర్ సిస్టర్‌ను మర్యాదగా అడగండి. మొదట ఆరు శనగగింజలను ఎడమ గ్రాస్పర్‌తో ఎత్తి, గాలిలోనే కుడి గ్రాస్పర్‌కు అందించి, రెండో గిన్నెలో వేయండి, తిరిగి వెనక్కి తేండి. ల్యాపరోస్కోపీ ప్రాథమిక నైపుణ్యాలను చూసే ఎఫ్‌ఎల్‌ఎస్ పరీక్షలోని మొదటి అభ్యాసం దాదాపు ఇదే. గింజ జారడం తగ్గాక, చేతి తొడుగు ముక్క మీద సన్నని 5-0 దారంతో లోపలే ముడి వేయండి. రబ్బరు చిరిగిందంటే మీరు లాగారని అర్థం. ఆపైన పని జరిగే చోటును అరచేతిలో సగానికి కుదించండి. టొరంటో పిల్లల సర్జన్లు కూడా పెద్దల శిక్షణ డబ్బాను పిల్లల కొలతకు తగ్గించి పరీక్షించి చూశారు.

అయితే రక్తస్రావం, కణజాలం మెత్తదనం, లోపలికి పంపిన కార్బన్ డయాక్సైడ్‌తో శిశువు ఊపిరికి కలిగే ఇబ్బంది, ఇక కోసి తెరవాలని నిర్ణయించుకోవలసిన క్షణం, ఇవేవీ డబ్బా నేర్పదు. అందుకే సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్‌ఎస్ తర్వాత పీడియాట్రిక్ సర్జరీలో మూడేళ్ల ఎంసీహెచ్ కోర్సుకు కళాశాలను ఎంచుకునేటప్పుడు, హైదరాబాద్ నీలోఫర్ అయినా మరొకటి అయినా, అక్కడి రెండో సంవత్సరం రెసిడెంటును కలిసి, కెమెరా పట్టుకోవడమేనా లేక సొంత చేత్తో కుట్టనిస్తున్నారా అని అడగండి.

వర్క్‌షాపుకు ముడి నిలకడగా పడిన తర్వాతే వెళ్లండి. డబ్బు కట్టే ముందు ఒక్కో డబ్బా దగ్గర ఎంతమంది నిలబడతారో, 3 మిల్లీమీటర్ల పరికరాలు ఇస్తారో లేదో, మీ కుట్టును చూసి తప్పు చెప్పే పిల్లల సర్జన్ పక్కనే ఉంటారో లేదో ఫోన్ చేసి తెలుసుకోండి.