వైఫై పేరు దాచిపెడితే ఇంటి రూటర్ భద్రంగా ఉంటుందా?

ఉండదు, పేరు దాచితే అది పక్కింటివారి ఫోను జాబితాలో కనిపించదు, అంతే.

మీ ఫోను రూటర్‌తో కలిసే ప్రతిసారీ ఆ పేరును గాలిలో బాహాటంగానే పంపుతుంది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని పట్టుకోవచ్చు. పైగా దాచిన నెట్‌వర్క్ తనంతట తాను పేరు చెప్పదు కాబట్టి, చాలా ఫోన్లు వెళ్లిన చోటల్లా దాన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉంటాయి. హనుమకొండ ఇంట్లో దాచిన పేరును మీ ఫోను కాజీపేట స్టేషన్‌లోనూ పిలుస్తుంది. దాచాలనుకున్నదాన్ని ఊరంతా చాటినట్టే!

నిజమైన రక్షణ ఎన్‌క్రిప్షన్‌ది, అంటే గాలిలో వెళ్లే సమాచారాన్ని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే పద్ధతిది. రూటర్ సెట్టింగులలో 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 అనే వైఫై భద్రతా ప్రమాణాన్ని ఎంచుకోండి. పాత ఫోన్లు కలవకపోతే ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతితో కూడిన, దాని ముందు తరం డబ్ల్యూపీఏ2 చాలు.

పేరే కనిపించదు కదా, పాస్‌వర్డ్ ఏదైనా ఫరవాలేదనుకుని ఫోను నంబరు పెట్టేస్తారు చాలామంది. ఇది పెద్ద పొరపాటు. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతోనే మొదలవుతాయి. డబ్ల్యూపీఏ2లో ఫోను, రూటర్ కలిసే క్షణపు సంకేతాలు ఎవరికైనా చిక్కితే, శక్తిమంతమైన కంప్యూటర్ ఆ నంబర్లన్నింటినీ కొన్ని గంటల్లోనే ప్రయత్నించగలదు. పొంతన లేని నాలుగైదు మాటలు కలిపి, కనీసం 15 అక్షరాలతో పాస్‌వర్డ్ పెట్టండి.